చెవితో పట్టే చేపలు: యానిమల్ క్రాసింగ్‌లో గాలం వేయడం గురించి

నింటెండో స్విచ్ అనే గేమ్ మెషీన్ మీద ఆడే యానిమల్ క్రాసింగ్: న్యూ హొరైజన్స్‌లో ఇల్లు కట్టుకోవడం, అప్పు తీర్చడం, దీవిని సింగారించుకోవడం గురించి 2020 మార్చి నుంచి అందరూ రాస్తూనే ఉన్నారు. ఆ సంగతులు మళ్లీ చెప్పను. ఇన్నేళ్లుగా నన్ను ఈ ఆటకు కట్టిపడేసింది ఒక్క చప్పుడు. చేప ఎరను మింగినప్పుడు బెండు నీళ్లలోకి పోయే "బుడుంగ్".

ఆడనివాళ్ల కోసం రెండు మాటలు. నీళ్లలో చేప నీడ కదులుతుంటుంది. దాని తలకు ఎదురుగా గాలం వేయాలి. చేప దగ్గరికొచ్చి బెండును మూతితో పొడుస్తుంది. "టుప్" అని చిన్న చప్పుడవుతుంది, చేతిలో కంట్రోలర్ సన్నగా అదురుతుంది. తొందరపడి అప్పుడే బటన్ నొక్కితే చేప పారిపోతుంది. కొన్ని వచ్చీ రాగానే మింగుతాయి, కొన్ని ఊరించి ఊరించి మింగుతాయి. ఎంత ఊరించినా పొడవడం నాలుగుసార్లే, ఐదోసారి మింగి తీరుతుంది. మింగినప్పుడు చప్పుడూ మారుతుంది, అదురూ మారుతుంది. అప్పుడు ఒక్కసారి నొక్కితే చాలు. దారం తెగుతుందన్న భయం లేదు, బలమంతా పెట్టి లాగే పని లేదు. స్టార్‌డ్యూ వ్యాలీ అనే ఇంకో ఆటలో అయితే ఎగిరెగిరిపడే చేప వెంట ఆకుపచ్చ పట్టీని పరిగెత్తించాలి. అదీ మంచి ఆటే. కానీ పగలంతా లెక్కల పుస్తకాలతో గడిపి ఇంటికొచ్చాక నా వేళ్లకు ఆ పరుగు వద్దనిపిస్తుంది.

రెండో సుఖం గడియారం. ఆటలో కాలం మన గోడ గడియారంతో పాటే నడుస్తుంది, రుతువులు కూడా అంతే. ఉత్తరార్ధగోళం ఎంచుకున్నవాళ్లకు స్ట్రింగ్‌ఫిష్ అనే చేప దొరికేది డిసెంబరు నుంచి మార్చి దాకా, అదీ సాయంత్రం 4 నుంచి పొద్దున 9 మధ్యన, మిట్టల మీద పారే ఏటిలోనే. సీలకాంత్‌కు నెలతో పని లేదు, వాన ఉంటే చాలు. ఎప్పుడో అంతరించిపోయిందనుకున్న ఆ చేప 1938లో దక్షిణాఫ్రికా తీరంలో బతికి ఉన్నది దొరికింది. అలాంటి దాన్ని ఆటలో వానకోసం ఎదురుచూసి పట్టుకోవడం నాకు ఎంతో న్యాయంగా అనిపించింది. మెషీన్‌లో తేదీ మార్చేసి పట్టుకునేవాళ్లు ఉన్నారు. నాకు మనసొప్పదు. డిసెంబరు వస్తోందంటే నాకు ఇప్పటికీ ముందుగా గుర్తొచ్చేది ఆ మిట్ట మీది ఏరే.

అసలు రాయాలనుకున్నది మా బాపు (నాన్న) సంగతి. బాపుకు నీటికాసుల జబ్బుతో రెండు కళ్లూ మసకబారాయి. టీవీలో మనుషులు కదులుతున్నట్టు తెలుస్తుంది, ముఖాలు తెలియవు. వయసులో ఉన్నప్పుడు ఊరి చెరువు గట్టున వెదురు కట్టెకు దారం కట్టి, ఎర్రలు గుచ్చి కూర్చునేవాడు. కళ్లు పోయాక వాటి ఊసే ఎత్తలేదు. ఒక రాత్రి నేను ఆడుతుంటే పక్క మంచం మీదినుంచి గొంతు వినిపించింది.

"ఆగు బిడ్డా. అది ఇంకా మింగలే, మూతి ఆనిస్తున్నది."

తెర వైపు తిరిగి కూడా లేడు. ఆ "టుప్" విని చెప్పాడు. ఇంకో రెండు చప్పుళ్లయ్యాక "ఇగ గుంజు" అన్నాడు. నా వేలు అప్పటికే పడింది, ఇద్దరం ఒకేసారి పట్టాం. నాలుగు, ఐదు అన్న నియమం ఆయనకు తెలియదు. నేను పుస్తకంలో సూత్రంలా నేర్చుకున్నది ఆయనకు చేతికి ఎప్పటినుంచో తెలుసు.

కంట్రోలర్ విప్పి సగం ఆయన చేతిలో పెట్టాను. కుడి చెయ్యి బొటనవేలిని ఆ బటన్ మీద ఉంచి, అదిరినప్పుడు ఏది పొడవడమో ఏది మింగడమో ఒక్కసారి చెప్పాను, రెండోసారి చెప్పనవసరం రాలేదు. నీడ వెతకడం, గాలం విసరడం నా వంతు. గుంజడం బాపు వంతు. మొదటిది సీ బాస్ పడింది. ఈ ఆటలో అది అడుగడుగునా పడే చేప, దానికి ఆటలోని డబ్బు లెక్కన 400 బెల్స్ ధర. నేనైతే విసుక్కునేదాన్ని. బాపు మాత్రం "పెద్దదేనా?" అని రెండుసార్లు అడిగి, తృప్తిగా మంచం దిగి, కుర్చీ జరుపుకొని నా పక్కన కూర్చున్నాడు. ఆ తర్వాత మా ఇంట్లో రాత్రి భోజనం అరగంట ముందుకు జరిగింది.

ఆయన అడిగిందల్లా కొర్రమట్ట, అంటే కొర్రమీను. ఆటలో ఉన్నది జయంట్ స్నేక్‌హెడ్, ఆగ్నేయాసియా చేప, మన కొర్రమీనుకు దగ్గర చుట్టం. తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీనే కాబట్టి నాక్కూడా పట్టుదల వచ్చింది. అది జూన్ నుంచి ఆగస్టు వరకే, పొద్దున 9 నుంచి సాయంత్రం 4 లోపు, చెరువులోనే దొరుకుతుంది. ఆదివారాలు మాత్రమే మాకు వీలయ్యేది. పడిననాడు చేప పేరు వినగానే బాపు పొంగిపోతాడనుకున్నాను.

"నీళ్లమీదికొచ్చి గాలి పీల్చిందా?" అని అడిగాడు.

లేదన్నాను.

"గాలి పీల్చకపోతె అది కొర్రమట్ట ఎట్లయితది?"

ఆయన మాట నిజం. కొర్రమీను కుటుంబానికి గాలి పీల్చుకునే ఏర్పాటు ఒంట్లోనే ఉంది, అందుకే నీళ్లు తగ్గిన చెరువుల్లో కూడా బతుకుతుంది. నీటి మీది ఆ బుడగ చూసే మా ఊళ్లో దాని జాడ పట్టేవారు. ఆటలో చేపలన్నీ చిన్నా పెద్దా నీడలై తిరుగుతాయి, కానీ అన్నీ ఒకేలా పొడుస్తాయి. చప్పుడు మీద అంత శ్రద్ధ పెట్టినవాళ్లు 80 రకాల చేపల్లో కొన్నింటికైనా వేరు వేరు నడత ఇచ్చి ఉండాల్సింది. బాపు అడిగేదాకా నాకు ఆ లోటు కనిపించలేదు, ఇప్పుడు కనిపించకుండా పోదు.

చప్పుడును పొగిడాను కానీ, అది సగం పనే చేస్తుంది. నీడ ఎక్కడుందో ఏ చప్పుడూ చెప్పదు. కళ్లున్న మనిషి పక్కన లేకపోతే బాపు ఆడలేడు. దీనికి కొంత ఉపాయం ఉంది. ఇసుకలో తవ్విన గుల్లలతో ఎర తయారుచేసుకొని నీళ్లలో చల్లితే దగ్గర్లోనే ఒక నీడ పుడుతుంది. నేను ముందే గుల్లలు తవ్వి ఎర సిద్ధం చేసి, సముద్రపు ఒడ్డున నిలబెట్టి ఇస్తే కొన్నిసార్లు ఆయనే చల్లి, ఆయనే విసిరి, ఆయనే పడతాడు. గాలం చేప మూతికి దూరంగా పడితే మాత్రం నన్ను పిలవాల్సిందే.

గడియారం సంగతీ అంతే. రాత్రి తీరిక దొరికేవాళ్లకు సాయంత్రం చేపలు చాలానే ఉన్నాయి, పగటి చేపలు మాత్రం సెలవు రోజులకే. గాలాలు విరగడం నాకు ఇప్పటికీ నచ్చదు. కొమ్మలతో చేసినది 10 చేపలకు, ఇనుము కలిపినది 30 చేపలకు విరుగుతుంది. 80 రకాలూ పట్టాక దొరికే బంగారు గాలానికి కూడా ఆ గతి తప్పదు. "కట్టె ఎందుకు ఇరుగుతది? ఏండ్లకేండ్లు ఒక్క కట్టెతోనే పట్టిన" అంటాడు బాపు. ఆయనకు నా దగ్గర జవాబు లేదు. జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు నెలల్లో రెండో శనివారం జరిగే చేపల పోటీ మా ఇద్దరికీ పట్టదు. మూడు నిమిషాల్లో ఎన్ని పడితే అన్ని అంటే ఆ చప్పుడు వినే ఓపిక ఎక్కడుంటుంది?

కొనమంటారా అని అడిగితే, నా ఇంటి లెక్క వేరు అని ముందే చెబుతాను. రాత్రిపూట గంటసేపు పక్కన కూర్చునే మనిషి నాకున్నాడు. గెలవాలన్న ఆరాటంతో ఆడేవాళ్లకు వారంలో విసుగొస్తుంది. చూపు తక్కువైనవాళ్ల కోసం తీసుకునేట్టయితే స్విచ్ లైట్ వద్దు, దానిలో అదురు ఉండదు, కంట్రోలర్ విప్పి ఇవ్వడానికీ వీలుండదు. మామూలు స్విచ్ ఎవరి దగ్గరైనా ఒక రాత్రికి అడిగి తెచ్చి, కళ్లు మూసుకొని నాలుగు చేపలు పట్టి చూడండి. ఆ తర్వాతే డబ్బు పెట్టండి.