వాయుసేన స్థావరాల ఓపెన్ డేలు: ఒక విమానాభిమాని సమీక్ష

వాయుసేన స్థావరం గేట్లు సాధారణ ప్రజల కోసం తెరుచుకునే రోజును వైమానిక విన్యాసాలను బట్టి మాత్రమే అంచనా వేయడం న్యాయం కాదని నా అభిప్రాయం. విన్యాసాలను సముద్రతీరంలోనూ చూడవచ్చు, పౌర విమానాశ్రయంలోనూ చూడవచ్చు. రోజూ విధుల్లో ఉండే యుద్ధ విమానాన్ని అది ఉండే చోటనే, దాని బాగోగులు చూసే మనుషుల పక్కన నిలబడి చూసే అవకాశం మాత్రం స్థావరంలోనే దొరుకుతుంది. బ్రిటన్‌లో ఏళ్ల తరబడి ఇలాంటి ఓపెన్ డేలకు తిరిగిన నేను మార్కులు వేసేది ఆ దగ్గరితనానికే.

బ్రిటన్ వాయుసేన 1934లోనే ఎంపైర్ ఎయిర్ డే పేరుతో తన స్టేషన్లలోకి, అంటే స్థావరాల్లోకి, ప్రజలను ఆహ్వానించింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, 1940లో జర్మనీ వాయుసేనతో జరిగిన 'బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్' పోరు స్మారకంగా సెప్టెంబరులో జరిపిన 'ఎట్ హోమ్' దినాలు ఆ ఆనవాయితీని నిలబెట్టాయి. నా మనసులో చెక్కుచెదరకుండా ఉన్న జ్ఞాపకాలన్నీ ఆ చిన్న స్టేషన్లవే. 1988లో సర్వీసు నుంచి వైదొలగిన బ్రిటిష్ యుద్ధ విమానం లైట్నింగ్‌ను చేతికందే దూరంలో చూసింది అక్కడే. దాని పొట్ట కింద నూనె చుక్కలు పట్టడానికి రేకు పళ్లేలు పెట్టి ఉండేవి. తోక వైపు వెళ్తే రెండు ఇంజన్ల గొట్టాలు ఒకదాని మీద ఒకటి నోళ్లు తెరుచుకుని కనిపించేవి. ఇంజన్లను పక్కపక్కన కాకుండా అలా ఎందుకు పేర్చారని అడిగితే, ఒక మెకానిక్ గుడ్డతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, అలా పేర్చడం వల్ల విమానం ముందుభాగం సన్నబడి గాలి నిరోధం తగ్గుతుందనీ, ఒక ఇంజన్ ఆగిపోయినా విమానం పక్కకు తిరగదనీ ఎంతో ఓపికగా వివరించాడు. ఏ కరపత్రంలో చదివినా అది నాకు అంత బాగా బోధపడేది కాదు.

ఆకాశంలో చూసినవాటికీ తక్కువ మార్కులు వేయలేను. 2007 నుంచి 2015 వరకు మళ్లీ ఎగిరిన వల్కన్ బాంబర్, ఎక్స్‌హెచ్558, పైలట్ ఇంజన్ల వేగం పెంచుతున్నప్పుడు చేసే ఊళ లాంటి శబ్దాన్ని ఒక్కసారి విన్నవారు మరిచిపోలేరు. నిట్టనిలువునా లేచి దిగగల హారియర్ యుద్ధ విమానం గాలిలో నిశ్చలంగా నిలబడినప్పుడైతే ఆ హోరు పక్కటెముకలకు తగిలేది. అలాంటి వేళ లౌడ్‌స్పీకర్‌లో వ్యాఖ్యానం ఆపితే బాగుంటుందని ప్రతిసారీ అనుకునేవాణ్ణి.

ప్రేక్షకులకూ ఎగిరే విమానాలకూ మధ్య దూరం పెరగడంపై నాకు ఫిర్యాదు లేదు. 1952లో ఇంగ్లండ్‌లోని ఫార్న్‌బరో ఎయిర్ షోలో డీహెచ్.110 అనే ప్రయోగాత్మక యుద్ధ విమానం గాలిలోనే ముక్కలై జనం మీద పడింది. 1988లో జర్మనీలోని రామ్‌స్టైన్ స్థావరంలో ఇటలీ విన్యాస బృందం విమానాలు ఢీకొన్న ప్రమాదంలో 70 మంది చనిపోయారు. ప్రేక్షకుల వైపు దూసుకువచ్చే విన్యాసాలను కట్టడి చేసిన నిబంధనలకు ఇలాంటి ఘోరాలే కారణం. నా అసంతృప్తి నేల మీది దూరం గురించి. ఇంజను ఆపి నిలిపి ఉంచిన విమానానికి కూడా అంత దూరంలో తాడు కట్టి, ముందు వరుసను ఖరీదైన టికెట్ల గ్యాలరీలకు కేటాయిస్తే, ఓపెన్ డే అనే మాటకు అర్థమే ఉండదు. పార్కింగ్ సంగతికి వస్తే, ఒక స్థావరంలో బయటపడేసరికి చీకటి పడింది. తిండి, మంచినీరు వెంట తీసుకెళ్లడమే మేలు.

పెద్ద ప్రదర్శన కోరుకునేవారికి రాయల్ ఇంటర్నేషనల్ ఎయిర్ టాటూను మించినది లేదు. 1971లో నార్త్ వీల్డ్‌లో మొదలై, గ్రీనమ్ కామన్ మీదుగా 1985లో ఫెయిర్‌ఫర్డ్ వాయుసేన స్థావరానికి చేరిన ఈ వేడుకకు 2003లో 535 విమానాలు వచ్చాయి. అన్ని దేశాల విమానాలను, అన్ని రంగులను ఒకేచోట చూడటం నిజంగా అదృష్టమే. అయితే అక్కడ ఉన్నవన్నీ అతిథులే. తన సొంత విమానాన్ని చూపించుకునే స్క్వాడ్రన్ గర్వం ఆ వాతావరణంలో కొంత పలచబడుతుంది. అందుకే ఫెయిర్‌ఫర్డ్‌కు వెళ్లేవారు ప్రధాన ప్రదర్శన రోజులకన్నా, విమానాలు వచ్చి దిగే రోజునో, తిరిగి వెళ్లే రోజునో ఎంచుకోవాలని నా సలహా. ఆ రోజుల్లో ప్రదర్శన హంగు తక్కువ, విమానాలు నేల మీద నడిచే టాక్సీవేపై అసలైన పని ఎక్కువ.

అలాంటి స్థావర ప్రదర్శనలు తగ్గిపోతున్నాయి; స్కాట్లాండ్‌లోని లూకర్స్ స్థావరంలో చివరి ఎయిర్ షో 2013లో జరిగింది. పాత స్టేషన్ దినాల రుచి ఇంకా తెలియాలంటే నేను సూచించేది ఇంగ్లండ్‌లోని కాస్ఫర్డ్ స్థావరం. అది వాయుసేన మెకానిక్‌లకు శిక్షణనిచ్చే చోటు కాబట్టి, 2007లో బ్రిటన్ వాయుసేన సర్వీసు నుంచి తప్పుకున్న జాగ్వార్ లాంటి విమానాలు అక్కడ పాఠాలుగా ఉపయోగపడుతున్నాయి. పిల్లలతో వెళ్లేవారు ముందుగా హ్యాంగర్లలోకే వెళ్లి, ప్యానెళ్లు విప్పిన విమానం పక్కన నిలబడిన సిబ్బందిని తోచిన ప్రశ్నలన్నీ అడగనివ్వాలి.