టార్పెడో వల: లంగరేసిన ఓడకైతే ఓకే, కదిలే ఓడకి వద్దు

విశాఖ ఆర్కే బీచ్‌లో కుర్సురా సబ్‌మెరైన్ లోపలికెళ్లి టార్పెడో (నీళ్లలో దూసుకెళ్లి ఓడని పేల్చే ఆయుధం) గొట్టాలు చూసినప్పటి నుంచి నాకొకటే సందేహం, ఇది దూసుకొస్తుంటే అవతలి ఓడవాళ్లు ఏం చేసేవాళ్లని. 19వ శతాబ్దంలో బ్రిటిష్ నేవీ కనిపెట్టిన ఉపాయం వల. ఆ సరుకుకి వందేళ్లు ఆలస్యంగా నా రివ్యూ.

చేపల వల అనుకునేరు. బుల్లివంట్ అనే తొలి రకం వలలో ఆరున్నర అంగుళాల ఉక్కు రింగులు, వాటిని కలుపుతూ చిన్న రింగులు, చదరపు అడుగు సుమారు ఒక పౌను బరువు. ఓడ పక్కల నుంచి 40 అడుగుల దూలాలు బయటికి చాపి, వాటికి తెరలా వేలాడదీస్తారు, పేలితే అక్కడే పేలాలి, ఓడని తాకకూడదు. టార్పెడో ముక్కుకి వల కోసే కత్తెరలు వచ్చాక, దీన్ని ఇంకా దట్టంగా, చదరపు అడుగుకి 5 పౌన్ల దాకా పెంచారు. తయారీకి వంక పెట్టలేను.

నిలబడిన ఓడకి ఇది నిజంగానే పనికొచ్చింది. 1904 ఫిబ్రవరిలో, రష్యా-జపాన్ యుద్ధం మొదట్లో, చైనా తీరంలోని పోర్ట్ ఆర్థర్ రేవు బయట రష్యా ఓడలు వలలు దించకుండా లంగరేసి ఉంటే జపాన్ వాళ్లు మొదటి రాత్రే మూడింటిని కొట్టారు. అదే ఏడాది డిసెంబరులో అక్కడికి దగ్గర్లోనే సెవాస్తోపోల్ అనే రష్యా యుద్ధనౌక వలల చాటున నిలబడి, రాత్రుల తరబడి వచ్చిన పదుల కొద్దీ టార్పెడోలని తట్టుకుంది. దెబ్బ తగల్లేదని కాదు, తగిలింది, కానీ చివరికి దాన్ని ముంచింది సొంత సిబ్బందే.

ఐదుకి రెండున్నర ఇస్తా. ఎందుకంటే 1915 మేలో టర్కీలోని గల్లిపోలి దగ్గర ట్రయంఫ్ అనే బ్రిటిష్ యుద్ధనౌక వల దించుకునే ఉంది, అయినా జర్మన్ సబ్‌మెరైన్ యూ-21 వదిలిన టార్పెడో వలని చీల్చుకుని వచ్చింది, రెండు రోజులకి మెజెస్టిక్ అనే ఇంకో బ్రిటిష్ ఓడ కూడా అలాగే పోయింది. పైగా వల దించుకుని ఓడ పరిగెత్తలేదు. 1916లో బ్రిటిష్, జర్మన్ నౌకాదళాల మధ్య జరిగిన జట్లాండ్ యుద్ధంలో గుండ్లకి చిరిగి వేలాడుతున్న వల ప్రొపెల్లర్లకి ఎక్కడ చుట్టుకుంటుందోనని డెర్ఫ్లింగర్ అనే జర్మన్ యుద్ధనౌక పోరు మధ్యలో ఆగి సర్దుకోవాల్సి వచ్చింది! కాపాడాల్సిందే కాలికి అడ్డంపడితే ఏం చేస్తాం. ఆ తర్వాత యుద్ధనౌకల మీంచి వీటిని పీకేశారు, రేవుల్లో మాత్రం ఉంచారు.

రేవుల్లో అయినా సరిగ్గా కొన్నారా అంటే, 1940 నవంబరులో టరాంటో రేవులో ఇటలీ వాళ్లకి 12,800 మీటర్ల వల కావాలి, దించింది 4,200 మీటర్లే. అదీ అడుగుదాకా చేరలేదు. బ్రిటిష్ విమానాలు వేసిన టార్పెడోలు వల కింద నుంచే వెళ్లి మూడు పెద్ద యుద్ధనౌకలని కొట్టాయి. దీనికి మాత్రం వల మార్కులు కోయను, ఇటలీ వాళ్లవి కోస్తా.

రెండో ప్రపంచయుద్ధంలో సరుకు ఓడలకి 50 అడుగుల దూలాలతో ఇంకో మోడల్ వచ్చింది, అది ఓడ పక్కభాగంలో నూటికి 60 నుంచి 75 వంతులే కప్పేది. మిగతాది గాలికే.