పైథాన్‌లో ఇఫ్-మెయిన్, మెయిన్ ఫైలు, కమాండ్: ఏది మేలు?

కరెంటు బిల్లుల సీఎస్‌వీ ఫైలు చదివి నెలవారీ మొత్తం చెప్పే 'బిల్స్' అనే పైథాన్ స్క్రిప్ట్ ఉందనుకోండి. నేరుగా రన్ చేస్తే లెక్క చూపించాలి. వేరే ప్రోగ్రామ్ ఇంపోర్ట్ చేసుకుంటే మాత్రం అడిగిన ఫంక్షన్ ఇచ్చి ఊరుకోవాలి. ఇందుకు మూడు దారులున్నాయి.

మొదటిది అందరికీ తెలిసిందే, ఫైలు చివర రాసే 'ఇఫ్ నేమ్ ఈక్వల్స్ మెయిన్'. నేరుగా రన్ చేసిన ఫైలుకు పైథాన్ అటూ ఇటూ రెండేసి అండర్‌స్కోర్లతో 'మెయిన్' అని పేరు పెడుతుంది. ఇంపోర్ట్ చేస్తే ఫైలు సొంత పేరే ఉంటుంది. ఒక్క ఫైలుతో అయిపోయే పనికి ఇది చాలు.

చిక్కల్లా ఆ ఇఫ్ కిందే పనంతా రాసేయడంతో వస్తుంది. అక్కడి వేరియబుల్స్ అన్నీ గ్లోబల్ అవుతాయి, అంటే ఫైలంతటా కనిపిస్తాయి. పైనున్న ఫంక్షన్ పొరపాటున వాటిలో ఒకదాన్ని వాడుకున్నా, నేరుగా రన్ చేసినంతకాలం బయటపడదు. ఎవరో ఇంపోర్ట్ చేసి ఆ ఫంక్షన్ పిలిచిన రోజున ఆ పేరే లేదంటూ నేమ్ఎర్రర్ వస్తుంది. కాబట్టి మెయిన్ అనే ఫంక్షన్ విడిగా రాసి, ఇఫ్ కింద దాన్ని పిలిచే ఒక్క లైనే పెట్టండి. (మెయిన్ ఫంక్షన్ ఉంటే దానంతటదే నడవాలని 2002లో పీఈపీ 299 అనే పైథాన్ మార్పుల పత్రం ప్రతిపాదించింది. ఒప్పుకోలేదు.)

పనిని ఒకేసారి పలు ప్రాసెస్‌లకు పంచే మల్టీప్రాసెసింగ్ వాడితే ఈ ఇఫ్ దాదాపు తప్పనిసరి. విండోస్‌లో ప్రతి కొత్త ప్రాసెస్ మీ ఫైలును మళ్లీ లోడ్ చేస్తుంది, ఇఫ్ లేకపోతే రన్‌టైమ్ఎర్రర్‌తో ఆగిపోతుంది. మ్యాక్‌లో పైథాన్ 3.8 వెర్షన్ నుంచీ ఇదే డిఫాల్ట్. లైనక్స్‌లో కూడా పైథాన్ 3.14 పాత ఫోర్క్ పద్ధతిని (నడుస్తున్న ప్రాసెస్‌ను ఉన్నదున్నట్టు కాపీ చేయడం) డిఫాల్ట్‌గా మానేసింది కనుక 'నా దగ్గర బాగానే నడిచింది' అనే మాటకు ఇక అక్కడా భరోసా లేదు.

స్క్రిప్ట్ పెరిగి ప్యాకేజీ (పలు ఫైళ్లున్న ఫోల్డర్) అయ్యాక రెండో దారే మేలు. అండర్‌స్కోర్ల మెయిన్ పేరుతో చిన్న ఫైలు పెట్టి, 'పైథాన్ డాష్ ఎమ్ బిల్స్' అని రన్ చేయాలి. ప్యాకేజీ లోపలి ఫైలును నేరుగా రన్ చేస్తే రిలేటివ్ ఇంపోర్టులు (చుక్కతో మొదలుపెట్టి అదే ప్యాకేజీలోని ఫైళ్లను తెచ్చుకోవడం) పనిచేయవు. అంతకంటే తలనొప్పి ఇంకోటుంది: మీరు రన్ చేసిన ఫైలునే వేరే మాడ్యూల్ ఇంపోర్ట్ చేస్తే మెమరీలో దానికి రెండు కాపీలు తయారవుతాయి. ఒక కాపీలోని బిల్ క్లాస్‌తో చేసిన ఆబ్జెక్ట్‌ని రెండో కాపీ తనది కాదంటుంది. క్లాసులు, ఫంక్షన్లు వేరే ఫైళ్లలో ఉంచి, మెయిన్ ఫైల్లో పిలుపు మాత్రమే ఉంచితే ఈ గొడవ ఉండదు.

మూడోది, ప్యాకేజీ వివరాలుండే పైప్రాజెక్ట్ టామ్ల్ ఫైల్లో స్క్రిప్ట్స్ కింద ఒక లైను రాయడం. పిప్‌తో (పైథాన్ ప్యాకేజీలు పెట్టే టూల్) ఇన్‌స్టాల్ అయ్యాక 'బిల్స్' అని టైప్ చేస్తే చాలు. పైథాన్ రానివాళ్లకు ఇవ్వాలంటే ఇదే. మన ఒక్కరి వాడకానికైతే అనవసరపు ఆర్భాటం. ఇందులో మెయిన్ రిటర్న్ చేసేదే ఎగ్జిట్ కోడ్, అంటే ప్రోగ్రామ్ ముగిశాక షెల్‌కు (కమాండ్లు నడిపే ప్రోగ్రామ్‌కు) అందే సంఖ్య. పని బాగా జరిగిందని ట్రూ రిటర్న్ చేస్తే అది 1 అవుతుంది, అంటే షెల్ దృష్టిలో ఫెయిల్. ఏమీ రిటర్న్ చేయకండి, లేదా 0 ఇవ్వండి.