1962 నాటి టాటా మెర్సిడెస్ లారీకి ఇంజన్ మార్పిడి: విజయవాడ ఆటోనగర్‌లో మా అనుభవం

బానెట్ ముందుకు పొడుచుకువచ్చిన మా లారీ 1962లో జంషెడ్‌పూర్‌లో తయారైంది. టెల్కో (నేటి టాటా మోటార్స్), మెర్సిడెస్ బండ్లు తయారుచేసే జర్మనీ సంస్థ డైమ్లర్-బెంజ్‌ల ఒప్పందం 1954లో మొదలై 1969లో ముగిసింది కనుక, ఇటువంటి బండి ఇప్పుడు రోడ్డు మీద కనిపించడమే అరుదు. మా నాన్నగారు దీని మీదే తెనాలి నుంచి నిమ్మకాయలు, ధాన్యం తోలి మమ్మల్ని చదివించారు. అందువల్ల ఇంజన్ పూర్తిగా అరిగిపోయినా బండిని పాత ఇనుము కింద అమ్మడానికి మనసు ఒప్పలేదు.

మొదట మా ఊరి దగ్గరి వర్క్‌షాపులో కొత్త పిస్టన్ రింగులు వేస్తే సరిపోతుందన్నారు. వేయించాము, రెండు నెలలకే ఇంజన్ లోపలి ఆవిరి బయటకు పోయే బ్రీదర్ గొట్టంలోంచి పొగ మళ్లీ మొదలైంది. ఆ తరువాతే బండిని విజయవాడ జవహర్ ఆటోనగర్‌లోని ఒక షెడ్డుకు చేర్చాము. అక్కడి మేస్త్రి హెడ్డు (ఇంజన్ పైమూత) విప్పి, బోరును, అంటే సిలిండర్ లోపలి వ్యాసాన్ని, కొలిచే గేజిని ఆరు సిలిండర్లలోనూ పైన, మధ్యన, కింద, ఒక్కోచోట రెండు దిక్కులుగా పెట్టి చూసి, వచ్చిన కొలతలన్నీ బ్లాకు పక్కన సుద్దముక్కతో రాశారు. రెండు సిలిండర్ల నడుమ సన్నని పగులు కూడా చూపించారు. "అయ్యా, ఇంకోసారి బోరు కొట్టడానికి దీంట్లో ఇనుము మిగల్లేదండి" అన్నారు. ఖర్చు సంగతి ఎత్తకముందే ఇంత వివరంగా చూపించిన మెకానిక్‌ను నేను అంతవరకు చూడలేదు.

పాత ఇంజన్ బోరు 90 మిల్లీమీటర్లు, స్ట్రోకు, అంటే పిస్టన్ పైకీ కిందకీ కదిలే దూరం, 120. దాని స్థానంలో అదే వంశానికి చెందిన టాటా 692 ఇంజన్ పెడదామన్నది వారి సలహా. దాని స్ట్రోకు కూడా 120 మిల్లీమీటర్లే, బోరు మాత్రం 92. ఇంకా పెద్దదైన 697 పెట్టమని కొందరు మిత్రులు చెప్పినా, అరవై ఏళ్ల నాటి గేర్ బాక్సు మీద అదనపు బరువు మోపవద్దని మేస్త్రి గట్టిగా వారించారు. ఆ మాట విన్నందుకు ఈరోజు సంతోషిస్తున్నాను.

ఈ షెడ్డులో నాకు అన్నిటికంటే నచ్చిన విషయం ఏమిటంటే, విప్పిన లారీ నుంచి తెచ్చిన సెకండ్‌హ్యాండ్ ఇంజన్‌ను ఉన్నది ఉన్నట్టు బిగించకుండా, నా ముందే పూర్తిగా విప్పి, క్రాంకును (పిస్టన్లు తిప్పే ఇరుసును) మైక్రోమీటరుతో కొలిచి, ఒక జర్నల్ (బేరింగులో తిరిగే నున్నని భాగం) మీద గీతలు కనబడగానే మొత్తం క్రాంకును గ్రైండింగుకు పంపి, ఆ సైజుకు తగిన బేరింగులు తెప్పించారు. పాత ఇంజన్‌లో డీజిల్ ముందుగా చిన్న గదిలోకి వెళ్లి మండేది, 692లో నేరుగా పిస్టన్ మీదికే చిమ్ముతుంది. కనుక పాత డీజిల్ పంపు, డీజిల్ చిమ్మే నాజిళ్లు దీనికి పనికిరావు. 692 పంపునే బెంచి మీద పెట్టించి, ఆరు లైన్లలోనూ డీజిల్ సమానంగా వచ్చేదాకా సరిచేయించారు.

లోపాలూ ఉన్నాయి. పదిహేను రోజులన్న పని ముప్పై ఎనిమిది రోజులు పట్టింది. చైన్ కప్పీతో పాత ఇంజన్‌ను పైకి లేపేటప్పుడు ఉష్ణోగ్రత మీటరు తీగ తెగితే, నేను అడిగేవరకు ఆ సంగతి చెప్పలేదు. లేత్ పనికి, విడిభాగాలకు, కూలికి కలిపి లక్షా తొంభై వేలు అయింది. ఆ లెక్కంతా ఒకే కాగితం మీద రాసి ఇచ్చారు, కొన్ని భాగాలకు రసీదులు లేవు. ఇంత ఓపికగా పనిచేసేవారు లెక్క కూడా అంతే శ్రద్ధగా ఇవ్వాలని నా కోరిక.

కాగితాల విషయంలో మాత్రం బాగా సహకరించారు. ఇంజన్ మారిస్తే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం పద్నాలుగు రోజుల్లోగా రవాణా శాఖకు తెలియజేసి, ఆర్.సి.లో (బండి రిజిస్ట్రేషన్ పత్రంలో) నమోదు చేయించాలి. కొత్త ఇంజన్ నంబరు మీద తెల్ల కాగితం ఆనించి, పెన్సిలుతో రుద్ది తీసిన అచ్చును, అమ్మకం కాగితాన్ని వారే సిద్ధం చేసి ఇచ్చారు.

ఇప్పుడు బండి ఉదయం చలిలో కూడా మొదటి సెల్ఫ్‌కే అందుకుంటోంది. ఇంజన్ వేడెక్కాక కూడా ఆయిల్ ప్రెషర్ ముల్లు నిలకడగా ఉంటోంది. వెయ్యి కిలోమీటర్లు తిరిగాక వారే ఫోన్ చేసి పిలిపించి, హెడ్డు బోల్టులు మళ్లీ బిగించి, వాల్వులను కదిపే ట్యాపెట్లు సరిచేసి, ఆయిల్ మార్చారు. ఆయిల్ ఖరీదు తప్ప కూలి తీసుకోలేదు.