చిన్న చేతుల్లో కెమెరా: మూడున్నరేళ్లు వాడాక నా మాట

మా పాపకి నాలుగేళ్లు నిండినప్పుడు మొదటి కెమెరా ఇచ్చాం. ఇప్పుడు తనకి ఏడున్నర. మధ్యలో బాబు కూడా చేరాడు. వాడికి మూడేళ్లు వచ్చేసరికే అక్క కెమెరా నాకూ కావాలని ఒకటే గొడవ. ఇన్నాళ్లలో ఇంట్లో మూడు రకాలు వాడి చూశాం. ఒకటి పిల్లల కోసమే చేసిన బొమ్మ కెమెరా. రెండోది తీసిన ఫొటో అప్పటికప్పుడు బయటికొచ్చే ఇన్‌స్టంట్ కెమెరా. మూడోది మేం ఒకప్పుడు వాడి, ఫోన్లు వచ్చాక బీరువాలో పడేసిన చిన్న డిజిటల్ కెమెరా. ఈ రోజుకీ వాడుతున్నది ఆ మూడో రకమే. కాబట్టి కొత్తది కొనబోయే ముందు ఇంట్లో సొరుగులన్నీ ఒకసారి వెతకండి.

బొమ్మ కెమెరాకి ఉన్న గొప్పతనం గట్టిదనం. మెట్ల మీద నుంచి దొర్లినా దానికేం కాలేదు. ఫొటోలు మాత్రం బాధపెట్టాయి. పెట్టె మీద మెగాపిక్సెల్స్ (ఫొటోలో ఎన్ని లక్షల చుక్కలుంటాయో చెప్పే లెక్క) అంకె పెద్దగా వేస్తారు గానీ, ఇలాంటి చాలా వాటిలో వెలుతురుని పట్టే లోపలి సెన్సార్ చిన్నది. తీసిన బొమ్మని సాఫ్ట్‌వేర్ సాగదీసి పెద్దది చేస్తుంది. పైగా ఫోకస్ మారదు. కాస్త దూరంలో ఉన్నవే స్పష్టంగా వస్తాయి, దగ్గరివి మసకే. చిన్నపిల్లలేమో దేన్నైనా ముక్కు తగిలేంత దగ్గరికెళ్లి తీస్తారు! రెండు వారాలు గడిచేసరికి మా పాప ఫొటోలు మానేసి అందులోని గేమ్స్ ఆడుకోవడం మొదలుపెట్టింది. తప్పు తనది కాదు. పువ్వు తీస్తే పువ్వు రావాలి కదా. 1900లో కోడాక్ పిల్లల్ని దృష్టిలో పెట్టుకుని బ్రౌనీ కెమెరాని అమ్మింది. అది వట్టి అట్టపెట్టె, మార్చుకోవడానికి అందులో సెట్టింగులు దాదాపు ఏమీ లేవు. కానీ నిజమైన ఫిల్మ్ మీద నిజమైన ఫొటో తీసేది. పిల్లల కెమెరాకి ఉండాల్సింది అదేనని నా నమ్మకం.

ఇన్‌స్టంట్ కెమెరా సరదా వేరు. తెల్లటి షీట్ మీద రంగులు మెల్లగా తేలుతుంటే ఇద్దరూ ఊపిరి బిగబట్టి చూస్తారు. అయితే మేం వాడేదాంట్లో ఒక ప్యాక్‌కి 10 షీట్లే. ప్రతి క్లిక్కూ ఖర్చే కాబట్టి, పిల్ల బటన్ మీద వేలు పెట్టగానే మా నోట్లోంచి "ఆగాగు, ఇది వద్దు" అని వచ్చేసేది. నేర్చుకునే వయసులో వందల క్లిక్కులు కావాలి. దీన్ని ఇప్పుడు ఎప్పుడో ఒకసారి తీస్తాం.

ఇక పాత డిజిటల్ కెమెరా. బరువు 150 గ్రాముల లోపే, చిన్న చేతిలో ఇమిడిపోతుంది. ఉన్నది 10 మెగాపిక్సెల్సే. మామూలు 4×6 ప్రింట్‌కి 2 మెగాపిక్సెల్స్ దాటితే చాలు కాబట్టి ఆ విషయంలో బెంగ అక్కర్లేదు. ఇచ్చే ముందు ఆటో మోడ్‌లో పెట్టి, ఫ్లాష్ ఆపేసి, ఫోకస్ బీప్ శబ్దం మాత్రం ఉంచాను. మెడలో వేసుకునే తాడు తీసేసి, మణికట్టుకి తగిలించుకునేది పెట్టాను. మెడ తాడు ఆడుకునేటప్పుడు దేనికైనా చిక్కుకుంటే ప్రాణం మీదికి వస్తుంది, అందులో రాజీ పడొద్దు.

మొదటి నెలంతా మసక ఫొటోలే. కారణం కనుక్కోవడానికి ఒక సాయంత్రం పాప పక్కన కూర్చుని చూశాను. బటన్‌ని తలుపు బెల్ కొట్టినట్టు ఒక్క పోటు పొడుస్తోంది. ఆ దెబ్బకి కెమెరా మొత్తం కిందికి వంగుతోంది. షట్టర్ బటన్‌కి రెండు మెట్లుంటాయని, సగం నొక్కితే కెమెరా ఫోకస్ చేసుకుంటుందని నాలుగేళ్ల పిల్లకి ఎలా చెప్పాలి? నా వేలు తన వేలి మీద పెట్టి, "మెల్లగా... ఇంకొంచెం... అక్కడ ఆగు" అన్నాను. బీప్ వచ్చింది, తెర మీద పచ్చ గడి వెలిగింది. "అమ్మా, దానికి కనబడింది!" అంది. అంతకన్నా బాగా నేను చెప్పలేను. ఆ తర్వాత "దానికి కనబడిందా?" అన్నదే మా ఇంట్లో మాట అయిపోయింది. మోచేతులు పక్కటెముకలకి ఆనించడం తర్వాత తనంతట తనే పట్టుకుంది.

బాగా దగ్గరున్నవి తీయడానికి పనికొచ్చే, పువ్వు గుర్తున్న మాక్రో బటన్ చూపించిన రోజు గోడ వారనే బోర్లా పడుకుని గంటసేపు లేవలేదు. చీమల వరస. నలభైకి పైగా ఫొటోల్లో రెండే బాగున్నాయి. ఒకదాంట్లో తనకన్నా పెద్ద మెతుకుని మోసుకెళ్తున్న చీమ కాళ్లు కూడా లెక్కపెట్టొచ్చు. తను లెక్కపెట్టింది కూడా, ఆరు.

మెమరీ కార్డ్ తెరిచి చూస్తే నిండా మోకాళ్లు, బల్ల అడుగుభాగం, తలుపు సందులోంచి వెలుతురు, అమ్మమ్మ చేతులు, ముఖం లేకుండా. మొదట్లో "పైకి ఎత్తు, ముఖం రావాలి" అని సరిచేసేదాన్ని. ఇప్పుడు నోరెత్తను. ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ జాక్ ఆన్రీ లార్టిగ్ చిన్నప్పుడు తన గదిలో బొమ్మ కార్లని నేల మట్టం నుంచి తీశాడు. ఆ ఫొటో 1905 నాటిది. అప్పటికి వాడికి పదేళ్లో పదకొండేళ్లో. ఎవరో పెద్దవాళ్లు పక్కన నిలబడి పైనుంచి తీయమని ఉంటే ఆ ఫొటో వచ్చేది కాదేమో అని నాకు అనిపిస్తుంటుంది.

నేను చేసిన పెద్ద తప్పు ఒకటి చెప్పాలి. ఒకసారి కార్డ్ నిండిపోయిందని మసక ఫొటోలన్నీ నేనే చెరిపేశాను. మర్నాడు పాప ఒక ఫొటో కోసం వెతికి వెతికి ఏడ్చేసింది. నాకు వట్టి పసుపు మరకలా కనిపించింది తనకి గాలికి ఎగురుతున్న కర్టెన్. అప్పట్నుంచి ముందు అన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించి ఆ తర్వాతే కార్డ్ ఖాళీ చేస్తున్నాం. ప్రతి ఆదివారం పెద్ద తెర మీద చూసి, పది తనే ఎంచుకుంటుంది. ఎందుకు నచ్చిందో అడుగుతాను, నాకు నచ్చినవి చెప్పను. చెబితే వచ్చే వారం నాకు నచ్చేవే తీస్తుంది, అది ఒకసారి చూశాను.

నష్టం కూడా జరిగింది. ఇసుకలో పడి, బయటికి పొడుచుకొచ్చే లెన్స్ గొట్టంలో రేణువులు ఇరుక్కున్నాయి. గరగరమని శబ్దం, ఆ తర్వాత కదలిక లేదు. బాగు చేయించడం దండగన్నారు. ఇప్పుడున్నది అలాంటిదే సెకండ్‌హ్యాండ్‌లో తీసుకున్నాం. మీ పిల్లలు ఎక్కువగా ఇసుకలో, నీళ్లలో ఆడుకునేవాళ్లైతే జూమ్ లోపలే కదిలే వాటర్‌ప్రూఫ్ రకం మంచిది. అయితే దాని మూత చుట్టూ ఉండే రబ్బరు మీద ఒక్క వెంట్రుక పడినా నీళ్లు లోపలికి వెళ్తాయి. మూత పెద్దవాళ్లే వేయాలి. పాత బ్యాటరీ ఉబ్బినట్టు కనిపిస్తే వాడొద్దు. జూమ్ చేసి సూర్యుణ్ణి తీయకూడదని మొదటి రోజే చెప్పండి. కన్ను ఆనించి చూసే చిన్న కిటికీ (వ్యూఫైండర్) ఉన్న కెమెరా అయితే ఈ మాట మరీ ముఖ్యం.

ఫోన్ ఇవ్వొచ్చు కదా అని చాలామంది అడుగుతారు. ఫోన్‌లో ఫొటో తీసిన మరుక్షణం వీడియో పిలుస్తుంది. ఈ కెమెరాలో వైఫై లేదు, తీసిందేదీ ఇల్లు దాటదు. నాకు ఆ నిశ్చింత చాలు.

ఒకరోజు పడుకుని ఉన్న తాతయ్యని తీస్తే ఆయన నొచ్చుకున్నారు. "అడిగి తీయాలమ్మా" అని పాపకి చెప్పాను. కాసేపు ఆలోచించి, "మరి నువ్వు నన్నెప్పుడూ అడగవుగా?" అంది. నా ఫోన్‌లో తనవి వేల ఫొటోలున్నాయి, ఒక్కటీ అడిగి తీసింది కాదు. ఇప్పుడు "తీయనా?" అని అడుగుతున్నాను. కొన్నిసార్లు వద్దంటుంది. ఫోన్ పక్కన పెట్టేస్తాను.