నాలుగు యూరోల వర్గమూలం

బ్రస్సెల్స్‌లో మా ఇంటికి దగ్గర్లో పాత సీడీలు అమ్మే కొట్టొకటి ఉంది. అక్కడ నాలుగు యూరోలు పెట్టి బెల్జియం గాయకుడు స్ట్రొమాయ్ 2013 ఆల్బమ్ ‘రాసీన్ కారే’ కొన్నాను. పెట్టె మూత విరిగి ఉంది, పోనీలే అనుకున్నా. ఇంటికొచ్చి పెడితే పదకొండో పాట దగ్గర గీత పడి గెంతుతోంది. వెళ్లి అడిగితే, అమ్మిన సరుకు వాపసు తీసుకునేది లేదన్నాడు. ఆ కోపం కొట్టు మీదే, పాటల మీద కాదు.

రాసీన్ కారే అంటే వర్గమూలం. రాసీన్ అంటే చెట్టు వేరు కూడా. ఫ్రెంచ్ క్లాసులో ఆ మాట చెప్పగానే నేనొక్కదాన్నే నవ్వాను. మన ‘మూలం’లోనూ ఉన్నది ఆ వేరే కదా! ఇతని మూలాలు రెండు: అమ్మ ఫ్లెమిష్ (డచ్ మాట్లాడే బెల్జియం వాళ్లు), నాన్న రువాండా మనిషి. పాల్ వాన్ హావర్ పేరుతో 1985లో ఇక్కడే పుట్టాడు. సంగీత విద్వాంసుణ్ణి పిలిచే ‘మాయెస్ట్రో’ అనే మాటని ముందుది వెనక్కి తిప్పితే స్ట్రొమాయ్. మన చిన్నప్పటి క-భాషలాంటి ఆటే.

అన్నిటికంటే ఎక్కువసార్లు విన్నది ‘పాపావుతే’. వీడియో కాల్‌లో మా అమ్మ విని, “ఎవరే అది, పాపని అన్నిసార్లు పిలుస్తున్నాడు?” అంది. పాప కాదమ్మా, నాన్న. “నాన్నా, ఎక్కడున్నావు” అనే మూడు ఫ్రెంచ్ ముక్కల్ని సంధి చేసినట్టు ఒకే మాటగా కలిపేశాడు. 1994 రువాండా మారణకాండలో ఇతని తండ్రిని చంపేశారు. ఆ సంగతి తెలియక ముందు ఈ పాటకి మా పిల్లలతో కలిసి నెల రోజులు గెంతాను. ఇప్పుడూ కాళ్లు ఆగవు, గొంతు మాత్రం పట్టేస్తుంది.

‘ఫోర్మిదాబ్ల్’ నెమ్మదైన పాట. నువ్వు అద్భుతం అనడానికి ఫోర్మిదాబ్ల్, నేను దిక్కుమాలినవాణ్ణి అనడానికి ఫోర్ మినాబ్ల్. ఇలాంటి శ్లేష మన అవధానుల్ని గుర్తు చేసింది. దాని వీడియోని లూయిజ్ ట్రామ్ స్టాప్‌లో దాచిన కెమెరాలతో తీశారు. ఇతను తాగినవాడిలా తూలుతుంటే పోలీసులు కూడా వచ్చి పలకరించారు. వారానికి రెండుసార్లు అక్కడ ట్రామ్ దిగుతాను, ఆ రాళ్ల మీద కాలు పెట్టినప్పుడల్లా పాట మొదలవుతుంది.

‘మూల్ ఫ్రీట్’ అంటే ఆల్చిప్పలు, బంగాళాదుంప వేపుడు; తిండి పాటేననుకున్నా. రెండో అర్థం తెలిశాక పిల్లల ముందు పెట్టడం మానేశాను. చివరి పాటలో వేరే ర్యాపర్లు వస్తారు, అది నాకు ఎక్కలేదు.

2009లో రేడియో స్టేషన్‌లో ట్రైనీగా ఉన్న కుర్రాడు, మరుసటేడు ‘అలోర్ ఆన్ దాన్స్’తో యూరప్‌లో చాలా దేశాల్లో మొదటి స్థానానికి వెళ్లాడు. ఈ ఆల్బమ్ మొదటి పాట 2014 ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌లో బెల్జియం జట్టు పాట అయింది. 2015లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఫ్రెంచ్‌లోనే పాడి వచ్చాడు. అర్థం కాకపోయినా ముందు కాళ్లకి చేరే సంగీతం కాబట్టే అది కుదిరిందని నా నమ్మకం. మా ఆయనకి ఇప్పటికీ ఒక్క మాట తెలియదు, అన్ని పాటలకీ తల ఊపుతారు.

అయిదుకి నాలుగున్నర ఇస్తాను. భాష రాకపోయినా కొనండి, సీడీని మాత్రం కొట్లోనే వెలుగులో తిప్పి చూడండి. నా దాంట్లో గీత పడిన పాట పేరు ‘సొమ్మేయ్’, అంటే నిద్ర. తెలుగులో చదివితే అచ్చం ఆ కొట్టువాడి మాటే.