కాంటా ఎక్కాకే సంచిలోకి

ములుగు అడవుల వైపు బ్యాగు తగిలించుకుని పోదామనగానే చాలామంది ముందు టెంట్ ధర చూస్తారు. ఈ దారికి నేనైతే అది కొననే కొనను. లక్నవరంలో టూరిజం కాటేజీలున్నాయి, తాడ్వాయిలో గుడిసెల్లాంటి గదులున్నాయి. అభయారణ్యంలో ఇష్టమొచ్చిన చోట గుడారం వేయనివ్వరు. చవక టెంట్ అంటే రెండున్నర, మూడు కిలోలు. గదిలో మంచం కింద పెట్టడానికి అంత బరువు మోయాలా?

ఆ డబ్బు బ్యాగు మీద పెట్టండి. నలభై లీటర్లు చాలు. నడుముకు దిట్టమైన బెల్టు ఉండాలి, బరువు భుజాల మీద కాక తుంటి మీద కూర్చోవాలి. కొట్లోనే అందులో ఐదారు కిలోలు వేసి నాలుగు మెట్లు ఎక్కి చూడండి. ఖాళీ బ్యాగు ఎవరికైనా బాగానే ఉంటుంది.

బయల్దేరేముందు మా వీధి కిరాణా కొట్లో అన్నీ కాంటా మీద జోకించాం. మా బామ్మర్ది వరంగల్ కొత్తవాడ జంపఖానా తెచ్చాడు. "బావా, నేల గట్టిగుంటది" అన్నాడు. జీఐ (భౌగోళిక) గుర్తింపు ఉన్న సరుకే, ఇంట్లో దానికి సాటి లేదు. కానీ నూలుది, తడిస్తే ఇంకా బరువెక్కుతుంది. దాని బదులు ఫోమ్ మ్యాట్ తీసుకున్నాం, అరకిలో లోపే. జీన్స్ కూడా ఇంట్లోనే ఉండిపోయింది. పాలిస్టర్ ట్రాక్ ప్యాంటు రాత్రి ఉతికితే పొద్దుటికి ఆరుతుంది. స్టీలు సీసా వద్దు, కూల్‌డ్రింక్ సీసా చాలు. లీటరు నీళ్లే కిలో, ఇక సీసా బరువు కూడానా? రెయిన్‌ కవర్ కొనకుండా బ్యాగు లోపల మందపాటి పాలిథిన్ సంచి వేశాం. వాన వీపు వైపు నుంచి కారినా బట్టలు తడవవు.

రామప్ప గుడి శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలేంత తేలిక. 1213 నాటికే మనవాళ్లకు పైబరువు తగ్గించడం తెలుసన్నమాట!

బసల్లో నా ఓటు తాడ్వాయికే. లక్నవరం చెరువు, వేలాడే వంతెన కళ్లకు పండుగే గానీ శని, ఆదివారాల్లో జనం గోల ఎక్కువ. తాడ్వాయిలో రాత్రి చీకటి, నిశ్శబ్దం రెండూ దొరుకుతాయి. డిసెంబరులో చలి మాత్రం గట్టిగా ఉంటుంది, పలచటి ఫ్లీస్ (ఉన్నిలాంటి తేలిక జాకెట్) ఒకటి వేసుకోండి. ఇక రోడ్డు మీద బస్సు దిగాక లోపలికి ఆటోనే దిక్కు. వాళ్లు చెప్పే ధర మనిషికా, మొత్తం ఆటోకా అన్నది ఎక్కేముందే తేల్చుకోండి. తిరుగు ప్రయాణానికి అదే ఆటోను మాట్లాడుకుంటే సాయంత్రం బస్సు టెన్షన్ ఉండదు.